సంగటి అంటే ‘సంగతి’ అని రాసే కీబోర్డు: మూడేళ్ల వాడకం తర్వాత

పాడీ సేద్యం ఉన్న ఇంట్లో ఆడవాళ్లకు నోరు ఖాళీగానే ఉంటుంది, చేతులే ఖాళీ ఉండవు. కథలు రాయాలన్న కోరిక ఉన్నవాళ్లకు ఫోన్లో మాటతో టైపు చేసే సౌకర్యం ఆశ పుట్టించేది అందుకే. చిత్తూరు పల్లెలో, నాలుగు ఆవులూ చెనిక్కాయల (వేరుశనగ) చేనూ ఉన్న ఇంట్లో మూడేళ్లు వాడాక నా లెక్కలో దీనికి ఐదుకు మూడున్నర. చిత్తుప్రతికి బాగా పనికొస్తుంది. మన యాసను మాత్రం చదును చేసిపారేస్తుంది.

పెట్టుకోవడం తేలికే. కీబోర్డు సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు చేర్చుకోవాలి. మైకు నొక్కే ముందు స్పేస్ పట్టీ మీద తెలుగు అని కనబడుతోందా చూసుకోవాలి. ఇంగ్లీషులో ఉంటే ‘ఆవు’ అన్నది ‘హౌ’ అయిపోతుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త చెంప పక్కకి ఉండాలి. ఎదురుగా పెడితే ఊపిరి మైకుకు తగిలి మాట చెడుతుంది. కాసేపు ఊరుకుంటే మైకు ఆగిపోతుంది కాబట్టి వాక్యం మనసులో పూర్తయ్యాకే నొక్కాలి. చుక్కలూ కామాలూ పడవు. వాక్యానికొకసారి కింది వరసకు దిగడం అలవాటు చేసుకుంటే రాత్రికి దిద్దడం సులువు. సిగ్నల్ పోతే మాట కూడా పోతుంది. అలాంటి చోట రికార్డరులో చెప్పుకుని తర్వాత ఎక్కించుకోవడమే.

ఇక వేళల సంగతి. పాలు పితికేటప్పుడు చెప్పుకుందామని అందరికీ తోస్తుంది. కుదరదు. ఆవు చేపుకొచ్చాక, అంటే పాలు దిగాక, ఆరేడు నిమిషాల్లో పితికేయాలి, ఆ లోపల ఫోను సర్దుకుంటూ కూర్చుంటే పొదుగులో పాలు మిగిలిపోతాయి. మధ్యలో ఫోను మోగిందా, బెదిరిన ఆవు ఎగజేపుతుంది, అంటే పాలు విడవదు. పాలు పితికే మిషను ఉన్న ఇంట్లో ఆ పంపు రొదకు అసలు ఒక్క మాటా ఎక్కదు. గడ్డి కోసే మిషనూ అంతే. టమోటాలు ఏరేచోట నలుగురుంటారు, ‘ఏమ్మే, పెద్ద కాయలు ఇట్లా వెయ్యి’ అన్నది కూడా కథలో చేరిపోతుంది. అన్నిటికన్నా బాగా కుదిరేది విత్తనానికి చెనిక్కాయలు ఒలిచే పని. ఒకేచోట కూర్చుంటాం, చప్పుడు తక్కువ, చేతులు వాటంతటవే ఆడుతుంటాయి. పూలు కట్టేటప్పుడు కూడా పరవాలేదు.

అసలు చిక్కు మాటల దగ్గరుంది. సంగటి అంటే ‘సంగతి’ అని పడుతుంది. మడక (నాగలి) ‘మడత’ అవుతుంది. ఆవు ఈనింది అంటే ‘ఆవు వినింది’. చెనిక్కాయ ఒక్కోసారి ‘శనగకాయ’ అవుతుంది, చదివేవాళ్లకు పంటే మారిపోతుంది. ‘వస్తా ఉండాది’ అని చెప్తే ‘వస్తూ ఉంది’ అని బడిపంతులు దిద్దినట్టు దిద్దిపెడుతుంది. కథలో అవ్వ మాట్లాడాల్సిన చోట టీవీలో వార్తలు చదివే అమ్మాయి మాట్లాడుతుంది! సొంత పదాల జాబితాలో ఈ మాటలన్నీ ఎక్కించి చూస్తే, చేత్తో కొట్టేటప్పుడు అక్కరకొచ్చాయి గానీ మాటకు పట్టలేదు.

దీనికి పనిచేసిన ఉపాయం ఒకటుంది. తప్పుగా పడే మాటకు బదులు సరిగ్గా పడే ఇంకో మాట చెప్పి, చివర్లో వెతికి మార్చే సదుపాయంతో ఒకేసారి మార్చుకోవాలి. సంగటికి ‘రాగిముద్ద’ అని చెప్తే చాలు. కయ్యతోనే, అంటే పొలం మడితోనే, జాగ్రత్త. అది ‘కయ్యం’ అని పడుతుంది కదా అని అన్నిటినీ ఒక్కదెబ్బన మార్చకూడదు. అన్నదమ్ముల కయ్యం మొదలయ్యేది కయ్య గట్టు మీదనే, రెండు మాటలూ ఒకే పేరాలో ఉంటాయి. ఒక్కొక్కటీ చూసి మార్చాలి. ఈ పని ఆ రాత్రే కావాలి. రెండు రోజులు ఆగితే ‘మడత’ ఎక్కడ మడకో, ఎక్కడ దుప్పటి మడతో చెప్పినవాళ్లకే తెలియదు. చేతిరాతలో ఒక పేజీ అయ్యేంత మాట రెండు మూడు నిమిషాల్లో ఎక్కుతుంది, దిద్దడానికి మాత్రం ఇరవై నిమిషాలు పడుతుంది. అయినా చేత్తో కొట్టడం కన్నా నయమే.

ఫోను గురించి రెండు ముక్కలు. తడి చేతికి తెర సరిగ్గా పలకదు. వేలిముద్ర తాళం సేద్యం చేసే చేతులకు పనికిరాదు, గీతలు అరిగి ఉంటాయి. అంకెల తాళం పెట్టుకోవాలి. మైకు కన్నంలో వరిగడ్డి దుమ్ము చేరితే మెత్తటి బ్రష్షుతో దులపాలి, సూది పెట్టి పొడవకూడదు. కొట్టంలో గోడకు ఒక పుస్తకం, పెన్సిలు వేలాడదీయడం మానకూడదు. జెల్ పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది. పాలకేంద్రం స్లిప్పు వెనక రాసుకునే అలవాటుంటే పెద్ద పుస్తకంలోకి ఎక్కించుకోవాల్సిందే. ఆ చీటీలు నలిగి పోతాయి, వేడి తగిలితే నల్లబడతాయి.

దిద్దిన కథను వాట్సాప్‌లో మన నంబరుకే పంపుకుంటే ఫోను పోయినా కథ దొరుకుతుంది, చాట్ బ్యాకప్ పెట్టుకుని ఉంటే. పత్రికలకు చాలావరకు యూనికోడ్‌లో మెయిలు చేస్తే సరిపోతుంది. కథ సొంతమనీ ఇంకెక్కడా అచ్చు కాలేదనీ హామీపత్రం, పూర్తి చిరునామా జతచేయాలి. అను ఫాంటులో (యూనికోడ్ కాని పాత ఫాంటు) అడిగేవాళ్లూ ఉన్నారు. మార్చే సాఫ్టువేరుతో మార్చాక ఒత్తులు చెదిరాయేమో పంపేముందు చూసుకోవాలి. చేతిరాత ప్రతి పంపేవాళ్లు కాగితానికి ఒకవైపే రాయాలి, జిరాక్సు దగ్గర పెట్టుకోవాలి. 2025లో రిజిస్టర్డు పోస్టు స్పీడుపోస్టులో కలిసిపోయింది, కాబట్టి కౌంటర్లో స్పీడుపోస్టనే అడగండి.