ఆటిజం ఉన్న పిల్లాడితో లండన్: మ్యూజియం ఆదుకుంది, హోటల్ ముంచింది

ఆటిజం ఉన్న పిల్లల్ని తీసుకుని లండన్ వెళ్లొచ్చా అంటే నిక్షేపంగా వెళ్లొచ్చు. హోటల్ వాళ్లు ఈమెయిల్లో ఇచ్చే హామీలు మాత్రం నమ్మకండి. నేనిది రాయడానికి సగం కారణం ఆ హోటలే.

మావాడికి తొమ్మిదేళ్లు. మాటలు తక్కువ, చెవులు చాలా సున్నితం. ఏం జరగబోతోందో ముందే తెలిస్తే బాగానే ఉంటాడు, చెప్పాపెట్టకుండా ఏదైనా జరిగితే తట్టుకోలేడు. అందుకే బుక్ చేసేముందే ఆ హోటల్‌కి రాశాను, పై అంతస్తులో, లిఫ్ట్‌కి దూరంగా, రోడ్డు వైపు కాకుండా గది కావాలని, ఎందుకు కావాలో కూడా వివరంగా. తప్పకుండా ఇస్తాం, మీ అబ్బాయికి ఏ ఇబ్బందీ ఉండదు అని జవాబొచ్చింది. రాత్రికి 146 పౌండ్లు, బ్రేక్‌ఫాస్ట్ వేరే. తీరా వెళ్తే రెండో అంతస్తులో, లిఫ్ట్ గోడని ఆనుకుని ఉన్న గది చేతిలో పెట్టారు. అడిగితే ఇవాళ్టికి ఇదే ఉంది అన్నారు. "పిల్లలు నిద్రకి తూగుతున్నారు, ఈ పూటకి కానివ్వమ్మా" అన్నారు మా అత్తయ్య. లిఫ్ట్ ఆగినప్పుడల్లా టింగుమని మోగుతూనే ఉంది, వాడు రాత్రంతా దొర్లుతూనే ఉన్నాడు.

అసలు దెబ్బ బుధవారం పొద్దున్న తగిలింది. బ్రిటన్‌లో హోటళ్లు, ఆఫీసులు ఫైర్ అలారం పనిచేస్తోందో లేదో చూడటానికి మామూలుగా వారానికోసారి మోగిస్తాయి. ఏ రోజు, ఏ టైమ్ అనేది వాళ్లకి ముందే తెలుసు. మాకు ఒక్కరూ చెప్పలేదు. వాడు పళ్లు తోముకుంటూ గదిలోకి వచ్చాడు, బ్రష్ ఇంకా నోట్లోనే ఉంది, సరిగ్గా నెత్తి మీద సైరన్ మోగింది. మోగింది అర నిమిషమో ఏమో. వాడు బ్రష్‌తో సహా మంచానికీ గోడకీ మధ్య సందులో దూరిపోయి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను నా అరచెయ్యి అడ్డం పెట్టి అక్కడే కూలబడ్డాను. మా ఆయన లైట్లన్నీ ఆపేసి కర్టెన్లు లాగేశారు. వాడు మామూలు మనిషయ్యేసరికి గంటన్నర దాటింది. అప్పటిదాకా మా పాప బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడుస్తూ ఉందని ఆ తర్వాతే తెలిసింది. తోడబుట్టినవాళ్ల మీద పడే బరువు ఇలాంటప్పుడే కనబడుతుంది. ఆ రోజు ఎక్కడికీ వెళ్లలేదు.

కింద అడిగితే లిఫ్ట్ పక్కన నోటీసు పెట్టాం కదా అన్నారు. వేరే గది లేదన్నాడు మేనేజర్. మా ఆయన గొంతు పెంచకుండా ఆ ఈమెయిల్ తీసి చూపించి, 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం వైకల్యం ఉన్నవాళ్లకి మీరు తగిన సర్దుబాట్లు చెయ్యాలి కదా అని అడిగారు. అంతవరకూ లేని గది పది నిమిషాల్లో ఐదో అంతస్తులో దొరికింది, ఒక రాత్రి అద్దె కూడా వెనక్కిచ్చారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. అందుకని నా మాట వినండి, గది గురించి ఎలాగూ అడుగుతారు, దాంతోపాటు ఫైర్ అలారం టెస్ట్ ఏ రోజు, ఎన్ని గంటలకి అని కూడా రాసి అడగండి, జవాబు దాచుకోండి. ఆ టైమ్‌కి పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లిపోతే సరిపోతుంది.

ఇక నేచురల్ హిస్టరీ మ్యూజియం గురించి ఎంత చెప్పినా తక్కువే. డానోసార్స్ అని ఏడాదిలో కొన్ని తేదీల్లో, మామూలు జనాన్ని రానివ్వకముందే పొద్దున్నే తలుపులు తీస్తారు, ఇలాంటి పిల్లల కోసం, వాళ్ల కుటుంబాల కోసం. ఉచితమే, కానీ ముందే బుక్ చేసుకోవాలి. మేం ఆ తేదీ చూసుకున్నాకే విమానం టిక్కెట్లు కొన్నాం. పెద్ద హాల్లో కప్పు నుంచి పాతిక మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం వేలాడుతూ ఉంటుంది. మావాడు సరిగ్గా దాని కిందికి వెళ్లి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. అక్కడి ఉద్యోగి ఒకామె మా వైపు రావడం చూసి నాకు టెన్షన్ మొదలైంది, లేపెయ్యమంటుందేమోనని. ఆమె వచ్చి, నడిచేవాళ్లు తొక్కకుండా వాడి కాళ్ల దగ్గర నిలబడింది, అంతే. వాడు ఒక వేలు పైకెత్తి ఎముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయాడు. బయటికెళ్తే "ఊరుకో నాన్నా, అందరూ చూస్తున్నారు" అంటూ ఉండే మా అత్తయ్య, చీర కుచ్చిళ్లు సర్దుకుని వాడి పక్కనే నేల మీద కూర్చున్నారు. పక్కనే ఉన్న సైన్స్ మ్యూజియంలో కూడా ఎర్లీ బర్డ్స్ అని ఇలాంటిదే ఉంది, మా తేదీలకి కుదరలేదు.

తిరగడానికి భూగర్భ రైళ్లలో సెంట్రల్ లైన్ వద్దు, సొరంగంలో ఆ రొదకి పెద్దవాళ్లకే తల దిమ్మెక్కుతుంది. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ మేలు, ఏసీ ఉంటుంది, నగరం మధ్యలోని భూగర్భ స్టేషన్లలో ప్లాట్‌ఫాం అంచున అద్దాల తలుపులుంటాయి, రైలొస్తే తప్ప తెరుచుకోవు. చెయ్యి విదిలించుకుని పరిగెత్తే పిల్లాడున్న తల్లికి ఆ తలుపుల విలువ తెలుస్తుంది. వీటన్నిటికంటే డీఎల్‌ఆర్, అంటే డాక్‌లాండ్స్ లైట్ రైల్వే అనే లోకల్ రైలు, గొప్ప. డ్రైవర్ క్యాబిన్ ఉండదు కాబట్టి ముందు సీట్లో కూర్చుంటే పట్టాలన్నీ ఎదురుగా కనబడతాయి. బ్యాంక్ స్టేషన్లో ఎక్కండి, అక్కడే బయల్దేరుతుంది, ముందు సీటు దొరక్కపోతే ఒక రైలు వదిలేసి తర్వాతది ఎక్కండి. లూయిషామ్ వైపు వెళ్తే థేమ్స్ నది కింద నుంచి పోతుంది. పదకొండేళ్లలోపు పిల్లలకి పెద్దవాళ్లు తోడుంటే టిక్కెట్టే లేదు. లండన్ ఐ అనే జెయింట్ వీల్‌కి టిక్కెట్ కొనలేదని పాప అలిగింది కానీ, వాడు మాత్రం డీఎల్‌ఆర్ తప్ప ఇంకోటి అడగలేదు. ఒక సాయంత్రం అందులోనే అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం.

తిరుగు ప్రయాణం గాట్విక్ నుంచి. పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మలున్న ఆకుపచ్చ మెడపట్టీ మొదలైంది ఈ ఎయిర్‌పోర్టులోనే, 2016లో. పైకి కనబడని వైకల్యం ఉందని సిబ్బందికి తెలియడానికి అది. డబ్బు తీసుకోలేదు, సర్టిఫికెట్ అడగలేదు. సెక్యూరిటీ దగ్గర వాడి హెడ్‌ఫోన్లు అందరికంటే చివర తీయించి, ట్రేలోంచి రాగానే అందరికంటే ముందు తిరిగిచ్చారు. కాకపోతే ఎయిర్‌లైన్ వాళ్లకి కనీసం 48 గంటల ముందే చెప్పాలి, చెప్పేటప్పుడు స్పెషల్ అసిస్టెన్స్ అని ఊరికే టిక్కు పెట్టి వదిలెయ్యకండి. వెళ్లేటప్పుడు మాకు వీల్‌చైర్ తెచ్చి నిలబెట్టారు. "నడవగలడు, క్యూలో ఆగలేడు, కుటుంబమంతా పక్కపక్క సీట్లలో ఉండాలి" అని విడమరిచి రాయండి. వచ్చేటప్పుడు అలాగే రాశాం, ఐదు సీట్లూ ఒకే వరసలో ఇచ్చారు.