రేసు గుర్రంలో వాటా కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మలక్‌పేట రేసులకు వెళ్లేవాళ్లలో కొందరికి వాట్సాప్‌లో ఒక ఆఫర్ వస్తోంది. దౌడు తీస్తున్న గుర్రం వీడియో, దాని కింద "వాటాలు కొన్నే మిగిలాయి, ఈ సీజన్‌లోనే గెలుపు ఖాయం" అన్న మాట. అలాంటి ఒక మధ్యవర్తి దగ్గర నేనూ, నా స్నేహితులూ కలిసి వాటా తీసుకున్నాం. ఆ డబ్బు ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన మా దగ్గర ఏం దాచారో, దాన్ని మీరు ముందే ఎలా పట్టుకోవచ్చో మాత్రం చెబుతాను.

వీడియోలో ఉన్నది పొద్దుటి ప్రాక్టీసు. ఖాళీ ట్రాక్ మీద ఒంటరి పరుగు. అందులో రేసు మొదలయ్యే గేటు కనపడదు. రేసు రోజున మిగతా గుర్రాలన్నీ ఒక్కొక్కటిగా గేటులోని స్టాళ్లలోకి, అంటే ఒక్కో గుర్రం నిలబడే ఇరుకు అరల్లోకి, వెళ్లిపోయాయి. మాది మాత్రం గేటుకు రెండడుగుల దూరంలో ముందు కాళ్లు బిగబట్టి ఆగిపోయింది. కళ్లకు గంతలు కట్టారు, ఒక చుట్టు తిప్పి తెచ్చారు, వెనకనుంచి ఇద్దరు చేతులు కలిపి నెట్టారు. అది ఒక్కసారిగా పైకి లేచింది, జాకీ కిందికి దూకేశాడు. అప్పటికే దాని తొడల మధ్య చెమట తెల్లగా నురగ కట్టింది. రేసును మొదలుపెట్టించే అధికారి, స్టార్టర్, ఇక ఆగలేదు, గుర్రాన్ని రేసు నుంచి తప్పించేశారు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఒకటి బయట మొండికేస్తుంటే లోపల నిలబడ్డవి బెదురుతాయి, ఆ ఇరుకులో జాకీల కాళ్లు నలిగిపోతాయి.

మధ్యవర్తిని అడిగితే "కొత్త కదండీ, మొదటిసారి బెదిరింది" అన్నారు. ఆ సాయంత్రమే గుర్రాలను చూసుకునే ఒక సైస్ అసలు సంగతి చెప్పాడు: "దీనికి గేటంటేనే పడదు సార్. ఇంతకుముందున్న ఊళ్లో కూడా ఇదే గొడవ."

ఇక్కడ రూల్ తెలిసి ఉండాలి. కొత్త గుర్రమైనా స్టార్టర్ ముందు గేటు ప్రాక్టీసు చేసి, ఆయన సరేనన్నాకే రేసులో దిగాలి. గేటు దగ్గర మొండికేసి వెనక్కి వచ్చిన గుర్రం మళ్లీ ఆయన్ని ఒప్పించాలి. అంతవరకూ ఎంట్రీ ఉండదు, కానీ దాణా, ట్రైనర్ బిల్లు, డాక్టర్ ఖర్చు, నాడాల ఖర్చు నెలనెలా వస్తూనే ఉంటాయి. స్టార్టర్ తప్పించిన గుర్రం మీద పందెం కాసినవాళ్లకు డబ్బు వెనక్కి వస్తుంది, వాటాదారుకు ఏమీ రాదు. గేటు తెరుచుకున్నాక గుర్రం తనంతట తానే కదలకుండా నిలబడితే పందెం కూడా పోయినట్టే, ఎందుకంటే అది పరుగులో ఉన్నట్టే లెక్క. తలుపు ఇరుక్కుపోయి గుర్రం బయటికి రాలేకపోతే సంగతి వేరు, అప్పుడు అది పరుగెత్తనట్టే ప్రకటించే అధికారం రేసు తీర్పులు చూసే స్టీవార్డులకు ఉంటుంది.

స్టార్టు సరిగా లేకపోతే గెలిచిన గుర్రానికి కూడా ఏమీ దక్కదు. 1993లో ఇంగ్లండ్‌లోని ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్ రేసు స్టార్టింగ్ టేపు (అక్కడ గేటుకు బదులు అడ్డంగా కట్టే పట్టీ) దగ్గరే చెడింది. ఆపమన్న సంకేతం అందక 39 గుర్రాల్లో 30 పరుగు మొదలుపెట్టాయి. ఇషా నెస్ అన్న గుర్రం మొదట వచ్చింది, కానీ రేసునే రద్దు చేశారు. అందుకే గేటు రికార్డు గురించి, అంటే గుర్రం ఇంతకుముందు గేటు దగ్గర ఎలా ఉందో, అడగడం చాదస్తం అనుకోకండి.

గేటు తర్వాత చూడాల్సిన రెండోది కాగితాలు. మన క్లబ్బుల రేసుల్లో పరుగెత్తేవి స్టడ్ బుక్‌లో (గుర్రాల పుట్టుక వివరాల రిజిస్టరు) నమోదైన థరోబ్రెడ్ అనే రేసు జాతి గుర్రాలే. మార్వాడీ జాతి గుర్రం ఎంత అందంగా ఉన్నా అక్కడ పరుగెత్తదు. ప్రతి గుర్రానికీ పాస్‌పోర్ట్, మెడలో మైక్రోచిప్ ఉంటాయి. 1984లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫైన్ కాటన్ అనే గుర్రం పేరు మీద, రంగు పూసి మరీ బోల్డ్ పర్సనాలిటీ అనే వేరే గుర్రాన్ని దింపారు. అది గెలిచింది, మోసం బయటపడి అనర్హత పడింది. ఇప్పుడు చిప్పు ఉంది కాబట్టి ఆ పని అంత తేలిక కాదు. కొనేవాళ్లకూ అదే రక్ష: చిప్పు నంబరు తీసుకుని పాస్‌పోర్ట్‌తో పోల్చి చూడండి. ఫొటో పంపితే ఒప్పుకోకండి, స్కానర్ పెట్టి మీ ఎదురుగా చదివించమనండి.

మాకు "డెక్కన్ డెర్బీ గుర్రం" అని కూడా చెప్పారు. హైదరాబాద్‌లో జరిగే ఆ పెద్ద రేసు మూడేళ్ల గుర్రాలకే. మన దేశంలో ఏ నెలలో పుట్టినా జనవరి 1కి గుర్రం వయసు ఒక ఏడాది పెరుగుతుంది. పాస్‌పోర్ట్ ప్రకారం మా గుర్రానికి అప్పటికే నాలుగు నిండాయి, అంటే ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. "మేడిన్ రేసులో సులువుగా కొట్టేస్తుంది" అని కూడా నమ్మించారు. మేడిన్ అంటే ఇంతవరకూ ఒక్క రేసూ గెలవని గుర్రం; ఒక్కటి గెలిచినా అది ఇక మేడిన్ కాదు. వేరే ఊళ్లో గెలిచినా అంతే. రేటింగ్ (గుర్రం సత్తాకు ఇచ్చే మార్కు) పెరిగితే పై క్లాసుకు వెళుతుంది, మోయాల్సిన బరువు పెరుగుతుంది. పరుగులో ముక్కునుంచి రక్తం కారిన గుర్రాన్ని కొంతకాలం ఆపేస్తారు, మళ్లీ మళ్లీ కారితే శాశ్వతంగా పక్కన పెడతారు. అది కూడా అడిగి తెలుసుకోండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మూడోది. రేసు కార్డులో (ఆ రోజు పరుగెత్తే గుర్రాల జాబితా) యజమానుల పేర్లు అచ్చవుతాయి. అందులో మా పేర్లు లేవు. క్లబ్బు దృష్టిలో మేము ఆ గుర్రానికి ఎవరమూ కాదు. మా చేతిలో ఉన్నది తెల్లకాగితం మీద ఒప్పందం, ఫోన్‌లో డబ్బు పంపిన రసీదులు. ప్రైజ్ మనీ వచ్చినా రిజిస్టర్లో పేరున్నవాళ్లకే చేరుతుంది. రిజిస్టరైన యజమాని పాత బాకీలు తీర్చకపోతే గుర్రాన్నే పరుగెత్తనివ్వరు, ఆ దెబ్బ మీ వాటాకూ తగులుతుంది. క్లబ్బు ఆఫీసులో మీ పేరు నమోదయ్యేదాకా అడ్వాన్స్ అని కూడా ఒక్క రూపాయి ఇవ్వకండి. "పేపర్లు తర్వాత చూసుకుందాం, ముందు స్లాట్ బుక్ చేసుకోండి" అన్నవాడితో మాట అక్కడే ఆపేయండి.

ఆ గుర్రం మళ్లీ అమ్మకానికి వచ్చిందని తెలిసింది. ఎర్రగోధుమ రంగు, నుదుటి నుంచి ముక్కుదాకా తెల్లచార, వెనక ఎడమ కాలికి తెల్ల పట్టీ. ఈసారి వీడియోలో ఊరు మార్చి చెబుతున్నారట. ఈ గుర్తులున్న గుర్రంలో ఎవరైనా వాటా ఇస్తామంటే డబ్బు మాట ఎత్తకముందే గేటు రికార్డు రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లుంటే రసీదులు, చాట్ మెసేజ్‌లు చెరిపేయకుండా దాచి నాకు చెప్పండి, ఫిర్యాదులో మీ పేర్లు కూడా కలుపుదాం.