ఉద్యోగం మానుకొని డౌలా కావాలనుకునేవారికి ఈ శిక్షణ ఏ మేరకు పనికివస్తుంది?

చాలా ఏళ్లు ఆడిట్ విభాగంలో పనిచేసిన తరువాత, ప్రసవ సమయంలో తల్లికి తోడుగా ఉండే డౌలా వృత్తిలోకి మారాలన్న ఉద్దేశంతో నేను ఈ శిక్షణలో చేరాను. తోటి అభ్యర్థుల్లో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ రంగం వదిలి వచ్చినవారు ఎక్కువ మంది ఉన్నందున, ఒక వృత్తిలో స్థిరపడి మరొకదానిలోకి మారదలచినవారి అవసరాలను దృష్టిలో పెట్టుకొని ఈ సమీక్ష రాస్తున్నాను.

డౌలా హద్దులేమిటో మొదటి తరగతిలోనే తేల్చి చెప్పడం నాకు నచ్చింది. ఆమె లోపలి పరీక్ష చేయదు, బిడ్డ గుండె చప్పుడు చూడదు, మందులు సూచించదు, కాన్పు చేయదు. నొప్పులు ఊపందుకున్నప్పటి నుంచి బిడ్డ తల్లి రొమ్ము అందుకునేదాకా పక్కన ఉండి, భంగిమలు మార్పించి, ధైర్యం చెప్పి, భర్తకో తల్లికో కాస్త విశ్రాంతి ఇప్పించడమే ఆమె పని. షిఫ్టు ముగియగానే నర్సు మారుతుంది కానీ డౌలా మారదు.

శిక్షణలో అన్నిటికన్నా విలువైనవి అభ్యాస తరగతులు. నొప్పి వచ్చినప్పుడు రెండు తుంటి ఎముకల మీద అరచేతులు ఆనించి లోపలికి, కొద్దిగా పైకి నొక్కే పద్ధతిని ఒకరిపై ఒకరం సాధన చేశాం. మణికట్టు బలంతో నొక్కితే చేతులు త్వరగా లాగేస్తాయని, మోచేతులు బయటికి పెట్టి ఒంటి బరువును ముందుకు మోపాలని శిక్షకురాలు ప్రతి ఒక్కరి భుజాలు పట్టుకొని సరిచేశారు. అంతకన్నా కష్టమైనది నాటక రూపంలో సాగిన అభ్యాసం: ఒకరు డాక్టరు, ఒకరు తల్లి, ఒకరు డౌలా. నొప్పులు పెంచే మందు ఎక్కిద్దామని డాక్టరు అనగానే, డౌలాగా ఉన్న నేను ఆ మందు అవసరమా అని వాదనకు దిగాను. శిక్షకురాలు ఆపి, “అమ్మా, మీరు డాక్టరు గారి వైపు కాదు, ఆమె వైపు తిరగండి. ‘డాక్టరు గారిని ఏమైనా అడగాలనుకుంటున్నారా?’ అని మాత్రం అనండి” అన్నారు. తప్పు పట్టడమే వృత్తిగా బతికినవారికి ఈ ఒక్క వాక్యం అలవాటు కావడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. శిక్షణకు కట్టిన రుసుములో సగం విలువ ఈ అభ్యాసాలదే అంటాను.

పరిశోధనలను పరిచయం చేసిన తీరు మాత్రం అంత సంతృప్తికరంగా లేదు. గ్వాటెమాలాలో అమెరికా శిశువైద్యులు క్లాస్, కెన్నెల్‌ల బృందం జరిపి 1980లో ప్రచురించిన అధ్యయనాన్ని, ఇలాంటి అనేక అధ్యయనాలను కలిపి 15 వేలకు పైగా స్త్రీల వివరాలను పరిశీలించిన 2017 నాటి కాక్రేన్ సంస్థ సమీక్షను చూపించారు. ఎడతెగని తోడు ఉన్నవారిలో సిజేరియన్లు తగ్గడం, నొప్పుల సమయం కొంత తగ్గడం నిజమే. అయితే ఆ సమీక్షలో తోడుగా ఉన్నవారందరూ డౌలాలు కారు. కొన్నిచోట్ల ఆసుపత్రి సిబ్బంది, కొన్నిచోట్ల బంధువులు. ఆ తేడాను వివరించి ఉంటే, రేపు తల్లులకు లేనిపోని హామీలు ఇచ్చే ప్రమాదం ఉండేది కాదు.

అసలు లోపం జీవనోపాధి విషయంలో ఉంది. సాధారణంగా 38వ వారం నుంచి బిడ్డ పుట్టేదాకా డౌలా ఏ అర్ధరాత్రి పిలిచినా వెళ్లడానికి సిద్ధంగా ఉండాలి. ఒకే సమయంలో ఇద్దరికి నొప్పులు వస్తే పంపడానికి మరొక డౌలాతో ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య నెలకు ఒప్పుకోగలిగే కాన్పులు కొన్నే కనుక, జీతం అలవాటైనవారికి మొదట చెప్పవలసిన లెక్క ఇది. దానిని చివరి పూటలో హడావిడిగా ముగించారు. మృతశిశువు పుట్టినప్పుడు ఏం చేయాలన్నది కూడా ఆ హడావిడిలోనే కొట్టుకుపోయింది.

శిక్షణ పూర్తయినట్టు ఇచ్చే పత్రమూ వృత్తి ధ్రువీకరణా ఒకటి కావు. ధ్రువీకరణ కోసం నిజమైన కాన్పులకు హాజరై, తల్లుల నుంచి, వైద్య సిబ్బంది నుంచి అభిప్రాయ పత్రాలు తీసుకోవలసి ఉంటుందని ఇక్కడ చాలా ఆలస్యంగా చెప్పారు. తొలి కాన్పులకు అనుభవజ్ఞురాలైన డౌలా వెంట పంపే ఏర్పాటు ఈ శిక్షణలో లేదు. చేరదలచినవారు రుసుము కట్టకముందే ఆ సంగతి అడగాలి. ఉన్న ఉద్యోగానికి రాజీనామా లేఖను ఆ కాన్పులు చూసిన తరువాతే ఇవ్వాలి.