రూర్కెలా, భువనేశ్వర్: స్టేడియాలకి ఫుల్ మార్కులు, బెంచికి కోత

ఒడిశాలో హాకీ చూడటానికి రూర్కెలా, ఉండటానికి భువనేశ్వర్. రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే మధ్యలో ఒక రాత్రి రైల్లో గడపక తప్పదు. 2023 జనవరి ప్రపంచకప్‌లో భారత్ మ్యాచ్‌లన్నీ చూద్దామని బయల్దేరినవాళ్ళతో మన జట్టు ఆ ప్రయాణం రెండుసార్లు చేయించింది. మొదటిసారి షెడ్యూల్ ప్రకారం, రెండోసారి ఓడిపోయి.

మొదటి రెండు గ్రూపు మ్యాచ్‌లు 13న, 15న రూర్కెలాలో. మూడోది 19న భువనేశ్వర్‌లో. గ్రూపులో మొదటి స్థానం వస్తే నేరుగా క్వార్టర్ ఫైనల్, రెండో మూడో స్థానాలకి క్వార్టర్స్ చేరడానికి ఇంకో మ్యాచ్, అదే క్రాసోవర్. అది 22న భువనేశ్వర్‌లోనే. అందులో ఓడితే 9 నుంచి 16 స్థానాల కోసం ఆడే మ్యాచ్‌లకి మళ్ళీ రూర్కెలా. మనవాళ్ళు ఓడారు. గ్రూపులో మొదటి స్థానం మనదేననుకుని 25న క్వార్టర్ ఫైనల్ చూద్దామని భువనేశ్వర్‌లో గది, టికెట్టు ముందే తీసుకున్నవాళ్ళు ఇంగ్లండ్-జర్మనీ మ్యాచ్ చూసి సరిపెట్టుకున్నారు. చివరి నిమిషాల దాకా 2-0 ఆధిక్యంలో ఉన్న ఇంగ్లండ్‌ని జర్మనీ 2-2కి లాగి షూటౌట్‌లో ఓడించింది. ఆట చూసేవాడికి డబ్బులు గిట్టాయి, మన జెండా పట్టుకెళ్ళినవాడికే గిట్టలేదు.

ఎలా చేరుకోవాలి

భువనేశ్వర్‌కి మనవైపు నుంచి రైళ్ళకి కొదవలేదు. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్, కోణార్క్ ఉన్నాయి. ఏది ఎక్కినా పద్దెనిమిది గంటలు, ఆపైన. విశాఖ నుంచి వందేభారత్ ఆరు గంటల్లో దించేస్తుంది గానీ హాకీకి దాని వేళలు కుదరవు. విశాఖలో మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి చేరుతుంది కాబట్టి ఆరోజు మ్యాచ్ దొరకదు. తిరుగు బండి భువనేశ్వర్‌లో తెల్లవారుజామునే కదులుతుంది. రాత్రి ఏడింటి మ్యాచ్ ముగిసి, జనంలోంచి బయటపడి గదికి చేరేసరికి పది దాటుతుంది. ఆపైన మూడున్నరకి లేవగలననుకుంటేనే దాన్ని బుక్ చేయండి. పోయేటప్పుడు రాత్రి బండి, వచ్చేటప్పుడు మరునాటి పగటి బండి మేలు.

రూర్కెలాకి భువనేశ్వర్ మీదుగానే వెళ్ళాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. మనవాళ్ళు ఇప్పటికీ బొకారో ఎక్స్‌ప్రెస్ అని పిలిచే ధన్‌బాద్-అలెప్పీ బండి విజయవాడ, రాజమండ్రి, రాయగడ, టిట్లాగఢ్, సంబల్‌పూర్, ఝార్సుగూడ మీదుగా రూర్కెలాలోనే ఆగుతుంది. దూరపు బండి కనక మ్యాచ్ రోజు పొద్దున దిగేలా కాకుండా ముందురోజు దిగేలా చూసుకోవాలి. విమానంలో అయితే ఝార్సుగూడలో దిగి వంద కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి. రూర్కెలాలోనే చిన్న విమానాశ్రయం ఉంది, ప్రపంచకప్‌కి వారం ముందే భువనేశ్వర్ నుంచి సర్వీసు మొదలైంది. అక్కడికి వచ్చేవి చిన్న విమానాలు, సీట్లు కొద్ది. దాన్నే నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి.

రెండు ఊళ్ళ మధ్య రాత్రి ప్రయాణానికి తపస్విని ఎక్స్‌ప్రెస్, పగలైతే 2023 సెప్టెంబరులో మొదలైన పూరీ-రూర్కెలా వందేభారత్. రోడ్డు మూడొందల కిలోమీటర్ల పైమాటే. కారులో ఒక్కరోజులో పోయి మ్యాచ్ చూసి రావడం అయ్యే పని కాదు.

రూర్కెలా

బిర్సా ముండా స్టేడియం బిజూ పట్నాయక్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆవరణలో, ఛెండ్ వైపు ఉంది. 20,011 సీట్లు, అన్నీ కుర్చీలే. పూర్తిగా కుర్చీలున్న హాకీ స్టేడియాల్లో ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్ గుర్తించింది. 2023 జనవరి 5న ప్రారంభించారు, 13న మ్యాచ్. అంత తక్కువ వ్యవధిలో తెరిచినా మైదానం, లైట్లు, సీట్ల నుంచి కనపడే తీరు, ఏ విషయంలోనూ వంక పెట్టడానికి లేదు. హాకీలో ఈ జిల్లా సంగతి చెప్పనే అక్కర్లేదు. హాకీ ఇండియా అధ్యక్షుడు దిలీప్ టిర్కీ, డిఫెండర్ అమిత్ రోహిదాస్ ఇద్దరిదీ సుందర్‌గఢ్ జిల్లాలోని సౌనామారా అనే ఒకే పల్లె. స్పెయిన్ మీద మొదటి గోల్ రోహిదాస్ కొట్టినప్పుడు ఆ స్టేడియం ఎలా ఊగిపోయిందో ఊహించుకోవచ్చు.

సీటు ఎంచుకునేటప్పుడు ఖరీదైన సైడ్ స్టాండే మంచిదనుకోకండి. జట్టు ఎక్కడ తప్పుతోందో చూడాలంటే గోల్ వెనక, పై వరుసలు. పెనాల్టీ కార్నర్, అంటే డిఫెన్స్ తప్పుకి ఎదుటి జట్టుకి దొరికే గోల్ అవకాశం, మొత్తం అక్కడి నుంచే అర్థమవుతుంది. గోల్‌పోస్టుకి పది మీటర్ల దూరంలో బ్యాక్‌లైన్ మీద నుంచి ఇంజెక్టర్ బంతి తోస్తాడు. డీ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) బయట ఒకరు ఆపుతారు, డ్రాగ్ ఫ్లికర్ లాగి విసురుతాడు. గోల్ లైన్ వెనక నుంచి గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే డిఫెండర్లు, అందులో మొదటి రషర్ సూటిగా ఫ్లికర్ మీదకే పరుగెత్తుతాడు. ఇక్కడ చూడాల్సింది బంతి ఆపే చెయ్యి. బంతి స్టిక్ కింద పూర్తిగా నిలబడకుండా ఒక జానెడు దొర్లిందంటే ఫ్లికర్ అడుగు సర్దుకోవాలి, ఆ లోపు రషర్ కోణం మూసేస్తాడు. ఇక విసిరినా బంతి రషర్ ప్యాడ్‌కో స్టిక్‌కో తగులుతుంది. టీవీలో ఇది "ఫ్లిక్ బ్లాక్ అయింది" అన్నట్టే కనపడుతుంది. పై వరుసలోంచి చూస్తే తప్పు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

2023లో మన కష్టమంతా ఇక్కడే. టోక్యో కాంస్యం జట్టులో డ్రాగ్ ఫ్లికర్లుగా హర్మన్‌ప్రీత్ సింగ్‌తో పాటు రూపిందర్ పాల్ సింగ్ ఉన్నాడు. ఎదుటి రషర్ ఇద్దరిలో ఎవరు కొడతారో తేల్చుకోవాలి. 2021 సెప్టెంబరులో రూపిందర్ తప్పుకున్నాడు. ప్రపంచకప్‌కి ఇంకా పదిహేను నెలలుంది. అంత సమయంలో వరుణ్ కుమార్, రోహిదాస్‌లని రెండో అస్త్రంగా నిలబెట్టలేదు. కెప్టెన్సీ కూడా హర్మన్‌ప్రీత్ మీదే పెట్టి, దాదాపు ప్రతి కార్నర్‌కీ అతన్నే చూశారు. ఎదుటివాళ్ళకి లెక్క తేలికైపోయింది. క్రాసోవర్‌లో న్యూజిలాండ్ మీద పది పెనాల్టీ కార్నర్లు వస్తే రెండే గోల్స్. ఇది ఫ్లికర్ ఫామ్ గొడవ అని సరిపెట్టేవాళ్ళతో ఏకీభవించలేం. ఒక్కడి ఫామ్ మీద జట్టు ఆధారపడేలా చేసింది ఎవరు?

వసతి విషయానికొస్తే, రూర్కెలా ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు, టూరిస్టు ఊరు కాదు. స్టేషన్ దగ్గర, మెయిన్ రోడ్డు, ఉదిత్ నగర్ వైపు మామూలు హోటళ్ళు ఉంటాయి. పెద్ద మ్యాచ్‌లప్పుడు అవి ముందే నిండిపోతాయి, రేటు కూడా ఎగిరిపోతుంది. స్టేడియం పక్కన కట్టిన వరల్డ్‌కప్ విలేజ్‌లో 225 గదులు ఉన్నా టోర్నీ సమయంలో అవి జట్లకే. ఊళ్ళో దొరక్కపోతే హౌరా-ముంబయి లైన్ మీద ముప్పై కిలోమీటర్ల అవతల రాజ్‌గంగ్‌పూర్ చూడండి, అదీ కాకపోతే ఝార్సుగూడ. రాత్రి మ్యాచ్ అయ్యాక అక్కడికి రైలు దొరుకుతుందనుకోకండి, కారు ముందే మాట్లాడుకోవాలి. మ్యాచ్ రోజు స్టేడియం చుట్టూ రోడ్లు మూసేస్తారు, ఆటో ఎక్కడో దూరాన దించేస్తుంది. అందుకని తిరుగు ఆటో ఎక్కే చోటు కూడా వెళ్ళేటప్పుడే అడిగి పెట్టుకోండి. జనవరి రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. స్వెటర్, చెవులకి మఫ్లర్ లేకుండా నాలుగో క్వార్టర్ దాకా కూర్చోలేరు.

మ్యాచ్ లేని రోజుకి వేదవ్యాస్ చాలు. కోయల్, శంఖ నదులు కలిసి బ్రాహ్మణిగా మారే చోటు. ఖండాధార్ జలపాతానికి మాత్రం రోజంతా కేటాయించాలి.

భువనేశ్వర్

కళింగ స్టేడియం దాదాపు పదిహేను వేల మందిది. 2014 ఛాంపియన్స్ ట్రోఫీ నుంచి పెద్ద టోర్నీలు చేసి చేసి చేయి తిరిగిన చోటు. గేట్ల దగ్గర లైను త్వరగా కదులుతుంది, నడిచే దూరంలోనే తిండి దొరుకుతుంది. నయాపల్లి, జయదేవ్ విహార్ వైపు గది తీసుకుంటే మ్యాచ్ అయ్యాక నడుచుకుంటూ వచ్చేయొచ్చు. స్టేషన్ దగ్గర మాస్టర్ క్యాంటీన్, కల్పనా స్క్వేర్ వైపు చవగ్గా దొరుకుతాయి. సిటీ బస్సులు శుభ్రంగా ఉంటాయి, కానీ చివరి బస్సు వేళ కనుక్కోవాలి. 2023లో టికెట్లు కూడా అందుబాటులోనే ఉన్నాయి, భారత్ మ్యాచ్‌లకి 200 నుంచి 500 మధ్య.

ఇక్కడ బెంచీలకి ఎదురుగా ఉన్న సైడ్ స్టాండ్ తీసుకోండి. హాకీలో ఆటగాళ్ళని ఎన్నిసార్లయినా మార్చొచ్చు, కోచ్ పనితనం తెలిసేది అక్కడే. ఎవరు ఎంతసేపు మైదానంలో ఉంటున్నారు, ఆధిక్యంలో ఉన్నప్పుడు మిడ్‌ఫీల్డ్‌లోకి ఎవరిని దింపుతున్నారు అన్నవి గమనించండి. జనవరి 22న న్యూజిలాండ్‌తో క్రాసోవర్‌లో ఈ చూపు ఉన్నవాళ్ళకి రెండో క్వార్టర్ చివరికే గుబులు పట్టి ఉంటుంది. 2-0తో ముందుండి, విరామానికి ముందే శామ్ లేన్‌కి ఒకటి ఇచ్చారు. వరుణ్ 3-1 చేశాక మూడు నిమిషాలకే రసెల్, తర్వాత నాలుగో క్వార్టర్‌లో ఫిండ్లే. 3-3. షూటౌట్ సడన్ డెత్ దాకా పోయి 5-4తో న్యూజిలాండ్‌ది. మధ్యలో గోల్‌కీపర్ శ్రీజేష్ గాయపడితే రెండో గోల్‌కీపర్ పాఠక్ వచ్చి నిలబడాల్సి వచ్చింది.

మిడ్‌ఫీల్డ్ నుంచి బంతి మోసుకెళ్ళే హార్దిక్ సింగ్ ఇంగ్లండ్ మ్యాచ్‌లోనే తొడ కండరం పట్టేసి కూలబడ్డాడు. వేల్స్ మ్యాచ్‌కి విశ్రాంతి అన్నారు. క్రాసోవర్‌కి ముందురోజు టోర్నీకే దూరమన్నారు. రాజ్ కుమార్ పాల్ వచ్చాడు. గాయం ఎవరి చేతుల్లోనూ ఉండదు, నిజమే. కానీ హార్దిక్ లేకపోతే ఆట ఎలా నడవాలన్న రెండో పథకం వేల్స్ మీద కనపడలేదు, న్యూజిలాండ్ మీదా కనపడలేదు. గ్రూపులో మొదటి స్థానానికి వేల్స్‌ని ఎనిమిది గోల్స్ తేడాతో కొట్టాలి, 2-0 నుంచి 2-2కి జారి ఎలాగో 4-2తో గట్టెక్కారు. ఆ తర్వాత రూర్కెలా వెళ్ళి జపాన్‌ని 8-0తో కొట్టారు. అవసరమైనప్పుడు రాని ఎనిమిది, తొమ్మిదో స్థానం ఆటలో వచ్చాయి! చివరికి అర్జెంటీనాతో కలిసి తొమ్మిదో స్థానం.

జనవరి 30న కోచ్ గ్రాహం రీడ్ రాజీనామా. 2019లో వచ్చి టోక్యోలో 41 ఏళ్ళ తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చిన మనిషి. పారిస్‌కి ఏడాదిన్నర ముందు వెళ్ళిపోయాడు. కార్నర్ల విషయంలో ఆయన తప్పు ఉంది, దాచక్కర్లేదు. కానీ ఓడిన తర్వాత ఆయన గట్టిగా చెప్పిన మాట ఒకటుంది, జట్టుకి మానసిక శిక్షకుడు కావాలని. ఆయన ఉండగా ఆ మనిషి రాలేదు. క్రెయిగ్ ఫుల్టన్ వచ్చాక, కొన్ని నెలల్లోనే ప్యాడీ అప్టన్ వచ్చాడు. పారిస్‌లో మళ్ళీ కాంస్యం. అంటే అడిగింది సబబే, ఇచ్చేవాళ్ళే ఆలస్యం చేశారు.

హాకీ ఇండియా యాజమాన్యపు ఈ అలవాటు కొత్తది కాదు. వెళ్ళిపోయిన కోచ్‌ల లెక్క చూడండి: 2014లో టెర్రీ వాల్ష్, 2015లో పాల్ వాన్ ఆస్, 2017లో ఓల్ట్‌మాన్స్, 2018 మధ్యలో మరైన్, 2019 జనవరిలో హరేంద్ర సింగ్. ఐదేళ్ళు తిరక్కుండా ఐదుగురు. కొత్త కోచ్ వచ్చి ఆటగాళ్ళ పేర్లు, అలవాట్లు పట్టుకునేలోగా వీడ్కోలు సభే. స్టేడియానికి గడువు పెట్టి కట్టించగలిగినవాళ్ళు కోచ్‌కి మాత్రం ఒక ఒలింపిక్ చక్రం గడువు ఇవ్వలేకపోవడం మింగుడు పడదు. ఫుల్టన్‌నీ 2025 జూన్‌లోనే సాగనంపమన్న గొంతులు లేచాయి. అగ్రశ్రేణి దేశాలు ఆడే ప్రో లీగ్‌లో యూరప్ పర్యటనలో వరసగా ఏడు ఓడి, పట్టికలో తొమ్మిదింట ఎనిమిదో స్థానంలో నిలిచారు. అక్కడ డిఫెన్స్‌ని తిట్టండి, తప్పులేదు. కోచ్‌ని మార్చమనడం మాత్రం పాత మందే. ఆయన్ని ఉంచారు, సెప్టెంబరులో రాజ్‌గిర్‌లో ఆసియా కప్ గెలిచారు.

హైదరాబాద్ అభిమానులకి

మన ఊరి లీగ్ జట్టు హైదరాబాద్ తూఫాన్స్‌ని చూడాలన్నా 2024-25లో రూర్కెలా రైలో రాంచీ రైలో ఎక్కాల్సి వచ్చింది. ఆ ఏటి హాకీ ఇండియా లీగ్‌లో పురుషుల మ్యాచ్‌లకి ఆ రెండు ఊళ్ళు తప్ప వేరే వేదిక లేదు. గచ్చిబౌలిలో హాకీ స్టేడియం ఉన్నా, మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ ఊరు అయినా, సొంత ఊళ్ళో సొంత జట్టు ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఇది ఆటగాళ్ళ తప్పూ కాదు, కోచ్ తప్పూ కాదు. ఊరి పేరు జెర్సీ మీద పెట్టి, ఊరికి జట్టుని చూపించకపోతే అభిమానులు ఎక్కడినుంచి వస్తారు?

ఒక మేలు ఏమిటంటే ఆ సీజన్‌లో ప్రవేశం ఉచితం. ఉచితం కాబట్టి గోల్ వెనక పై వరుసలు ముందే నిండిపోయేవి, మొదటి మ్యాచ్‌కే వెళ్ళి కూర్చుంటే రెండోది కూడా అక్కడి నుంచే చూసే వీలుండేది. 2025 ఫిబ్రవరి 1 ఫైనల్‌లో తూఫాన్స్ బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడారు. జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ కొడితే, చివర్లో గెలుపు గోల్ వేసింది శామ్ లేన్. అవును, ఆ న్యూజిలాండ్ శామ్ లేనే.