బూడిద రంగు ‘ఎం’తో నా గొడవ

ఫోనులో ఈ ఓమ్ సూత్రం క్యాలిక్యులేటర్ వాడటం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. వోల్టేజి, కరెంటు, రెసిస్టెన్స్, పవర్ గడుల్లో ఏ రెండు నింపినా మిగతా రెండూ అదే నింపేస్తుంది. ఒక భాగహారం, ఒక గుణకారం, దానికి యాప్ ఎందుకని అడిగేవాళ్లు ఒక చేత్తో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని 3.3ని 0.018తో భాగించి చూడాలి.

నా గొడవంతా ఒక్క సదుపాయంతోనే. చివరిసారి ఎంచుకున్న యూనిట్లను ఇది గుర్తుపెట్టుకుంటుంది. మొదటి ఏడాది దాన్ని తెగ మెచ్చుకున్నాను. ఎల్‌ఈడీల పనంతా మిల్లీ ఆంపియర్లలోనే కదా, ప్రతిసారీ మార్చే బాధ తప్పింది.

ఒక రాత్రి, 12 వోల్టుల పాత అడాప్టర్ అర ఆంపియర్ నిజంగా ఇస్తుందో లేదో చూడాలనిపించింది. లోడుగా, అంటే దాన్నుంచి కరెంటు లాగడానికి, 24 ఓముల రెసిస్టర్ పెట్టాలని నోటిలెక్కలోనే తేలింది. ఎన్ని వాట్లు తట్టుకునేది కావాలో చూద్దామని 12, 0.5 కొట్టాను. పవర్ గడిలో 6 అని పెద్ద అంకె, పక్కన బూడిద రంగులో ఆవగింజంత ‘ఎం’. ఆరు మిల్లీవాట్లేనా అనుకుని డబ్బాలోంచి పావు వాట్ రెసిస్టర్ తీసి తగిలించాను. ఎరుపు, పసుపు, నలుపు పట్టీలు, అంటే 24 ఓములు. చూస్తుండగానే పసుపు గోధుమరంగుకు తిరిగింది, ఆ తర్వాత మూడూ ఒకే నలుపు. సన్నటి పొగ. లాగేయబోయి బొటనవేలు కాల్చుకున్నాను.

ముందురోజు పెట్టిన మిల్లీ ఆంపియర్లు కరెంటు గడిలో అలాగే ఉండిపోయాయి. రెసిస్టెన్స్ గడిలో 24 కిలో ఓములని రాసే ఉంది. కానీ 24 కనబడగానే నా లెక్కతో సరిపోయిందని కన్ను ముందుకు వెళ్లిపోయింది. వెయ్యి రెట్లు తేడా వచ్చినా అంకెలు చెక్కుచెదరవు, అదీ మాయ. పావు వాట్ మోయగల దాని నెత్తిన ఆరు వాట్లు పెట్టాను.

తప్పు నాదే అంటారా, సగం ఒప్పుకుంటాను. తర్వాత 10 వాట్ల తెల్లటి పింగాణీ రెసిస్టర్‌తో మళ్లీ చూస్తే అడాప్టర్ 11.6 వోల్టుల దగ్గర నిలబడింది, పాపం దానిలో ఏ లోపమూ లేదు. ఆ పింగాణీ రెసిస్టర్ కూడా చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందనుకోండి.

పవర్ అంకెను కళ్లు మూసుకుని నమ్మవచ్చని ఇదివరకు చాలామందికి చెప్పాను. ఇప్పుడు ‘డీసీ అయితే’, అంటే బ్యాటరీలూ ఇలాంటి అడాప్టర్లూ ఇచ్చే ఒకే దిశ కరెంటు అయితే, అని కలుపుతున్నాను. ఇంటి ఏసీ కరెంటుతో తిరిగే ఫ్యానుకు 230 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని కొడితే 69 వాట్లంటుంది. నిజానికి అవి వోల్ట్ ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో నిజమైన పవర్ ఎంత పాలో చెప్పే సంఖ్య) గుణిస్తేగాని వాట్లు కావు, ఆ గడి ఇందులో లేదు. ఫిలమెంట్ బల్బు ఇంకా తమాషా. 100 వాట్ల బల్బును చల్లగా ఉండగా కొలిస్తే 40 ఓములు వచ్చాయి, 230 వోల్టులతో కలిపి ఇస్తే 1,322 వాట్లని తేల్చింది. వెలిగాక ఫిలమెంట్ రెసిస్టెన్స్ పది రెట్లకు పైగా పెరుగుతుందని దానికెలా తెలుస్తుంది!

అయినా తీసెయ్యలేదు. నా బల్ల మీద పని 12 వోల్టులు దాటదు, కాలితే ఒక రెసిస్టర్ కాలుతుంది, అంతే. మోటార్లతో పనిచేసేవాళ్లకు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు సిఫారసు చేయమంటే మాత్రం తటపటాయిస్తాను. ఈమధ్య అప్‌డేట్‌లో ఆ ‘ఎం’ కాస్త పెద్దదైంది. రంగు ఇంకా బూడిదే.