“రోబోటిక్ రీహాబ్” ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి: ఏసీఎల్ ఆపరేషన్ అయినవారికి హెచ్చరిక

మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ ఆపరేషన్ తరువాత “రోబోటిక్ రీహాబ్” (రోబోతో పునరావాస చికిత్స) ఇస్తామని చెప్పి, హైదరాబాదులోని ఒక ఫిజియోథెరపీ కేంద్రం మా తమ్ముడి కోసం 85 వేల రూపాయలు ముందుగానే కట్టించుకుంది. తీరా చూస్తే అక్కడ ఉన్నది సీపీఎం యంత్రం. వివాదం ఇంకా తేలలేదు కాబట్టి కేంద్రం పేరు రాయడం లేదు. ఏ యంత్రాన్ని ఏ పేరుతో అమ్ముతున్నారో తెలిస్తే, మీరు ఏ ఊళ్లో ఉన్నా జాగ్రత్తపడవచ్చు.

సీపీఎం అంటే కంటిన్యువస్ పాసివ్ మోషన్. కాలిని ఒక తొట్టెలాంటి చట్రంలో పెట్టి పట్టీలు బిగిస్తే, మోటారు మనం పెట్టిన కోణం మేరకు మోకాలిని వంచుతూ చాపుతూ ఉంటుంది. రోగి నిద్రపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. కెనడాకు చెందిన ఎముకల వైద్యుడు రాబర్ట్ సాల్టర్ 1970లలో ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. ఆయన ప్రధానంగా ఆలోచించింది దెబ్బతిన్న మృదులాస్థి మానడం గురించి, తొడ కండరాల బలం గురించి కాదు. మోకాలి మార్పిడి ఆపరేషన్ల తరువాత దీని ప్రయోజనాన్ని పరిశీలించిన కాక్రేన్ సమీక్షలో (అనేక వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సమీక్ష), మోకాలి వంపులో కనిపించిన అదనపు మెరుగుదల సగటున 2 డిగ్రీలు మాత్రమే. ఏసీఎల్ విషయంలోనూ దీర్ఘకాలిక లాభం ఉన్నట్లు తేలలేదు. పైగా ఇదే యంత్రాన్ని రోజువారీ అద్దెకు ఇంటికి తెచ్చి ఇచ్చేవారు మన ఊళ్లలో ఉన్నారు.

నిజమైన పునరావాస రోబోలు లేవని నేను అనడం లేదు. స్విట్జర్లాండుకు చెందిన హోకోమా సంస్థ తయారుచేసిన లోకోమాట్ ఉంది. అది ప్రధానంగా పక్షవాతం వచ్చినవారికి, వెన్నుపాము దెబ్బతిన్నవారికి నడక నేర్పడానికి ఉద్దేశించినది. జపానులోని సైబర్‌డైన్ వారి హాల్ అనే పరికరం చర్మం మీద అంటించిన సెన్సర్ల ద్వారా కండరంలోని సూక్ష్మ విద్యుత్ సంకేతాలను పసిగట్టి, రోగి కాలు కదపబోతే అందుకు తోడ్పడుతుంది. రోగి ప్రయత్నం ఉంటేనే ఆ సహాయం అందుతుంది. సీపీఎంలో ఆ ప్రయత్నానికి చోటే లేదు. తెర మీద రంగురంగుల గ్రాఫులు కనిపించినంత మాత్రాన మోటారు రోబో అయిపోదు.

ఈ తేడా మాకు డబ్బు నష్టంతోనే పోలేదు. ఏసీఎల్ ఆపరేషన్ తరువాత మొదటి వారాల్లో రెండు పనులు తప్పనిసరిగా జరగాలి: మోకాలు పూర్తిగా చాచగలగాలి, తొడ ముందు కండరం మళ్లీ పనిలో పడాలి. వాపు, నొప్పి ఉన్న మోకాలు ఆ కండరాన్ని దానంతటదే అణచివేస్తుంది. రోగి తానుగా బిగించే వ్యాయామంతో, అవసరమైతే విద్యుత్ ప్రేరణతో దాన్ని మేల్కొల్పాలి. ఆ కేంద్రంలో ఒకే ఫిజియోథెరపిస్టు ఒకేసారి చాలామందిని చూసేవారు. తమ్ముడి కాలికి పట్టీలు బిగించి, మీట నొక్కి వెళ్లిపోయేవారు. యంత్రం తెర మీద “110” అని చూపిస్తుంటే మేమూ సంతోషించాం. అది చట్రం వంగిన కోణం. లోపల ఉన్న మోకాలు అంతకంటే తక్కువే వంగవచ్చు. గోనియోమీటరుతో (కీలు వంపు కోణాన్ని కొలిచే సాధనం) మోకాలిని విడిగా కొలవడం మాకు అక్కడ ఒక్కసారి కూడా కనిపించలేదు. చివరకు ఆపరేషన్ చేసిన సర్జనే తమ్ముణ్ణి బోర్లా పడుకోబెట్టి, మడమల ఎత్తులో తేడా చూపించి, కాలు పూర్తిగా చాచుకోవడం లేదని, తొడ సన్నబడిందని చెప్పారు. ఆ లోటును సాధారణ ఫిజియోథెరపీతో ఇప్పుడు పూడ్చుకుంటున్నాం, అదీ తొలి వారాల్లో పట్టేదానికంటే ఎక్కువ కష్టంతో.

“రోబో వల్ల నాలుగు నెలల్లో మళ్లీ కబడ్డీ ఆడవచ్చు” అని కూడా వారు చెప్పారు. ఈ మాట ఎవరు చెప్పినా అక్కడి నుంచి లేచి రండి. తొడ వెనుక నుంచి తీసి అమర్చిన స్నాయువు లిగమెంటుగా మారే క్రమంలో మొదట బలం కోల్పోతుంది, తరువాతే నెమ్మదిగా గట్టిపడుతుంది. ఏ యంత్రమూ ఆ జీవక్రియను తొందరపెట్టలేదు. 2016లో వెలువడిన డెలావేర్–ఓస్లో అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆటను ఒక్కొక్క నెల వాయిదా వేసినకొద్దీ మోకాలు మళ్లీ దెబ్బతినే రేటు సగం మేర తగ్గింది. తొడ కండరం బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతానికి చేరడమూ అందులో ముఖ్యమైన కొలమానమే. కాబట్టి డబ్బు కట్టేముందు ఆ బలాన్ని డైనమోమీటరుతో (కండరాల బలాన్ని కొలిచే పరికరం) కొలుస్తారా, ప్రతిసారీ ఫిజియోథెరపిస్టు ఎంతసేపు పక్కన ఉంటారు, యంత్రం తయారీదారు పేరు, మోడల్ ఏమిటి అని అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి. యంత్రం పేరు చెప్పడానికి తటపటాయిస్తే అనుమానించవలసిందే.

బీమా మాటకు వస్తే, “రోబోటిక్ చికిత్సకు క్లెయిమ్ వస్తుంది” అని కేంద్రం సిబ్బంది చెప్పిన మాట సగం నిజం కూడా కాదు. 2019లో బీమా నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ, బీమా కంపెనీలు మినహాయించకూడని ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చింది రోబోటిక్ సర్జరీని. ఆపరేషన్ తరువాత బయట చేయించుకునే వ్యాయామ చికిత్స సాధారణంగా పాలసీలోని డిశ్చార్జి అనంతర ఖర్చుల కిందికి వస్తుంది. దానికి గడువు ఉంటుంది, డాక్టరు రాసిన చీటీ కావాలి. మాకు ఇచ్చిన ఒకే ఒక్క మొత్తం రసీదును బీమా కంపెనీ తిప్పి పంపింది. తేదీలవారీగా బిల్లులు ఇవ్వమంటే “ప్యాకేజీకి అలా ఉండదు” అన్నారు; మిగిలిన సెషన్ల డబ్బు తిరిగి ఇవ్వమంటే రసీదు వెనుక చిన్న అక్షరాలు చూపించారు.

ఇలాంటి స్థితిలో ఇప్పటికే ఉన్నవారు ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది: చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, వివాదం తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. “రోబో” అని రాసి ఉన్న కరపత్రాన్ని, వాట్సాప్ సందేశాలను, యంత్రం ఫోటోను, దాని మీద అంటించిన తయారీదారు చీటీ ఫోటోను దాచుకోండి. మా నోటీసు అందిన తరువాత ఆ కేంద్రం ప్రకటనలో “రోబోటిక్” అనే మాట “అడ్వాన్స్‌డ్” అని మారిపోయింది; పాత ప్రకటన ప్రతి మా దగ్గర ఉంది.