శ్రీలంకలో తిరగడానికి ఏది మేలు: మనమే తోలే ఆటోనా, డ్రైవరుతో కారా, రైలూ బస్సులా?

ముందు తీర్పు చెప్పేసి గొడవంతా తరవాత రాస్తాను. ఇద్దరే వెళ్తుంటే, చేతిలో పది రోజులుంటే, పల్లపు ప్రాంతమంతా ఆటో, కొండల్లో రైలు. పెద్దవాళ్లో చంటిపిల్లలో వెంట ఉంటే ఇంకేం ఆలోచించకుండా డ్రైవరుతో కారు. వారమే సెలవు దొరికితే మాత్రం ఆటో జోలికే పోవద్దు.

2025 ఫిబ్రవరిలో మా ఆవిడా నేనూ పదకొండు రోజులు అక్కడ ఆటోలో తిరిగాం. ఎవరో తోలితే వెనక కూర్చుని కాదు, అద్దెకు తీసుకుని నేనే తోలాను. నెగొంబోలో మొదలుపెట్టి కురునేగల, అనురాధపురం, సిగిరియా, కండీ, నువర ఎలియా, ఎల్ల, అక్కణ్ణుంచి దక్షిణానికి దిగి తిస్సమహారామ, మిరిస్స, గాల్, మళ్లీ నెగొంబో. దగ్గర దగ్గర తొమ్మిది వందల కిలోమీటర్లు. ఆ మే నెలాఖరులో మా బావమరిది వాళ్లు అత్తయ్యనీ మామయ్యనీ పిల్లలిద్దర్నీ వేసుకుని వ్యాను మాట్లాడుకుని దాదాపు ఇదే చుట్టు చుట్టొచ్చారు. మా ఆఫీసు కుర్రాళ్లు ఇద్దరు బ్యాగులు తగిలించుకుని రైళ్లలో బస్సుల్లో వెళ్లొచ్చారు. కాబట్టి నేను వెళ్లింది ఒక రకంగానే అయినా మూడు రకాల కష్టాలూ మా ఇంట్లోనూ క్యాంటీన్లోనూ కావలసినంత విన్నాను.

ఆటో అనగానే చవక అనుకుంటాం కదా, అక్కడే మొదటి తప్పు. మాకు అద్దె రోజుకి 20 డాలర్లు పడింది, పదకొండు రోజులకి 220, అంటే మన డబ్బుల్లో పంతొమ్మిది వేలు. లీటరుకి పాతిక కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే 36 లీటర్ల పెట్రోలు, లీటరు 300 శ్రీలంక రూపాయల చొప్పున 10,800, మన రూపాయికి వాళ్ల రూపాయలు మూడున్నర దాకా వస్తాయి కాబట్టి మూడు వేల పైచిలుకు. మొత్తం ఇరవై రెండు వేలు, మనిషికి పదకొండు వేలు. బావమరిది వాళ్లకి ఎనిమిది రోజుల వ్యాను, డ్రైవరు, పెట్రోలుతో సహా నలభై ఎనిమిది వేలయింది, ఆరుగురికి పంచితే తలకి ఎనిమిది వేలే! ఇద్దరే కారు తీసుకుంటే లెక్క తిరగబడుతుంది, తలకి పద్ధెనిమిది ఇరవై వేలు దాటుతుంది. కుర్రాళ్లకి రైళ్లూ బస్సులూ ఊళ్లో తిరిగిన ఆటోలూ అన్నీ కలిపి ఇద్దరికీ ఏడు వేలు కూడా అవలేదట. డబ్బే చూసుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి రైలు టికెట్లు చూసుకోవచ్చు.

అక్కడి ఆటోల్లో చాలామటుకు మన బజాజ్‌వే. వాళ్లు ఆటో అనరు, త్రీవీల్ అంటారు, టూరిస్టులతో అయితే టుక్‌టుక్. మనలాగే రోడ్డుకి ఎడమ పక్కన నడపాలి, ఆ టెన్షన్ లేదు. మా నాన్న చేతక్ మీద బండి నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఎడమ చేత్తో క్లచ్చి నొక్కి అదే పిడిని తిప్పి గేరు వెయ్యడం అరగంటలో గుర్తుకొచ్చేసింది. ఇబ్బందల్లా కాళ్లతోనే. కారుకి అలవాటుపడ్డ ఎడమకాలు క్లచ్చి కోసం వెతుక్కుంటూ ఉంటుంది, అక్కడ ఏమీ ఉండదు, ఉత్త రేకు. రివర్సుకి వేరే లివరుంది, అది పడిందో లేదో బండి కదిలాక గానీ తెలీదు. గేర్ల స్కూటరు ఎప్పుడూ తోలనివాళ్లు మొదటి రోజు ఎక్కడికీ బయల్దేరకుండా ఖాళీ స్థలంలో రెండు మూడు గంటలు ప్రాక్టీసు చెయ్యడం మంచిది. అద్దెకిచ్చేవాళ్లు నేర్పుతారు, కానీ పావుగంటలో తేల్చేస్తారు.

కాగితాల విషయంలో అశ్రద్ధ వద్దు. మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ ఒక్కటీ చాలదు, దాని మీద కొలంబోలోని ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ సిలోన్ దగ్గరో, వాళ్ల రవాణా శాఖ దగ్గరో అక్కడ చెల్లే కాగితం తీసుకోవాలి. అద్దెకిచ్చేవాళ్లే చేయించి పెడతారు గానీ ఆ కాగితం మూడు చక్రాల బండికి చెల్లుతుందా అని నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి, లేకపోతే ఏదైనా గుద్దినప్పుడు ఇన్సూరెన్సు మన మొహం చూడదు. డ్రైవరుతో కారైనా రైలైనా ఈ తలనొప్పి ఏదీ లేదు.

ఇక అసలు సంగతి. ఆటోకి ఒక లక్ష్మణరేఖ ఉంది, రోజుకి వంద కిలోమీటర్లు. అది దాటితే సరదా పోయి డ్యూటీ అయిపోతుంది. స్పీడు నలభై మించదు, వెనక నుంచి ఎర్ర బస్సులు హారన్ కొడుతూ మీదికొచ్చేస్తుంటే ప్రతి రెండు నిమిషాలకీ మార్జిన్‌లోకి దిగాలి. ఎక్స్‌ప్రెస్‌వేల మీద ఆటోల్ని ఎక్కనివ్వరు. గాల్ నుంచి కొలంబో దాకా వ్యాను ఆ రోడ్డు మీద గంటన్నరలో వచ్చేస్తే మేం సముద్రం పక్క రోడ్డున ఊరూరా ఆగుతూ, ఎండకి మాడుతూ ఐదు గంటలు తోలాం. సముద్రం బాగుంటుంది, నిజమే, మూడో గంట దాకా. చీకటి పడ్డాక అసలు తోలొద్దు. హెడ్‌లైటు వెలుగు అంతంతమాత్రం, హబరణ చుట్టుపక్కల సాయంత్రం పూట ఏనుగులు రోడ్డెక్కుతాయి. కారులో కూర్చుని ఏనుగుని చూడటం వేరు, తలుపు కూడా లేని బండిలోంచి చూడటం వేరు.

మరి ఇన్ని చెప్పి కూడా ఆటో అని ఎందుకంటున్నానంటే, కుడగమ వల్ల. అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గర అదో పల్లె. అక్కడ అహికుంటక అనే జనం ఉంటారు. పాముల్ని ఆడించి, కోతుల్ని ఆడించి, చేతులు చూసి జోస్యం చెప్పుకుంటూ ఊళ్లు తిరిగినవాళ్లు, ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగు. ఎక్కడో చదివిన గుర్తు తప్ప దారి తెలీదు. కురునేగల నుంచి అనురాధపురం పోయే రోడ్డు మీద టీ తాగుతూ అడిగితే కొట్టాయన చెయ్యి చూపించాడు, బండి అటు తిప్పేశాం. ఓ ఇంటి ముందు ఆపి నా తెలుగులో ఏదో అడిగితే అక్కడ కూర్చున్న పెద్దావిడకి సగం అర్థమైంది, ఆమె చెప్పింది నాకు సగం అర్థమైంది. కానీ లోపలున్న పిల్ల వైపు తిరిగి "నీళ్లు" అంది చూడండి, మా ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ అమ్మాయి స్టీలు గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. గంటసేపు కూర్చున్నాం. బావమరిది వాళ్ల డ్రైవరుని ఇదే ఊరు తీసుకెళ్లమంటే ప్రోగ్రాములో లేదన్నాడట. మాతలెలో సుగంధ ద్రవ్యాల తోటలూ, రంగురాళ్ల కొట్లూ మాత్రం అడక్కుండానే ప్రోగ్రాములోకి వచ్చాయి, ఎందుకో మీకు తెలుసు.

ఇంకోటి, ఆటో తోలేవాడికి అక్కడ లక్షల మంది చుట్టాలు. సిగిరియా నుంచి కండీ వస్తుంటే క్లచ్ వైరు తెగింది. అద్దెకిచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే మనిషిని పంపడానికి రెండు గంటలు పడుతుందన్నారు. ఈలోపు అటు పోతున్న ఆటో ఆయన ఆపి, ఏం మాట్లాడకుండా సీటు కింద నుంచి చుట్ట చుట్టిన కొత్త వైరు తీసి, హ్యాండిల్ దగ్గర ఊడదీసి, పాతది లాగుతూ దాని వెంటే కొత్తది పోనిచ్చి, బిగించి, రెండుసార్లు నొక్కి చూసి ఇరవై నిమిషాల్లో లేచి నిలబడ్డాడు. వైరు డబ్బులు తప్ప పైసా తీసుకోలేదు. వాళ్ల భాషలో అయ్యా అంటే అన్నయ్య, అక్కా అంటే అక్కే, ఆ రెండు మాటలతోనే సగం దేశం తిరిగాను. 2020లో వాహనాల దిగుమతి ఆపేసి 2025లో గానీ మళ్లీ తెరవలేదు కాబట్టి అద్దెకొచ్చేవి చాలావరకు బాగా తిరిగిన బండ్లే, ఇలాంటివి జరుగుతాయనే అనుకుని బయల్దేరాలి.

కొండల దగ్గర మాత్రం నాది బుద్ధితక్కువ. కొంత ఎక్స్‌ట్రా ఇస్తే అద్దెకిచ్చేవాళ్ల మనిషి కండీలో ఆటో తీసుకుని ఎల్లలో అప్పజెబుతాడు, మనం రైల్లో హాయిగా వెళ్లొచ్చు అని మొదటి రోజే చెప్పారు. దండగని వద్దన్నాను. కండీ ఐదు వందల మీటర్ల ఎత్తు, నువర ఎలియా 1,868. రంబొడ దగ్గర మలుపుల్లో ఫస్టు గేరులో మూలుగుతూ, వెనక లారీ, పక్కన లోయ. మా ఆవిడ రెండు గంటలు ఒక్క మాట మాట్లాడలేదు, పైకెక్కాక "ఏవండీ, తిరిగి దిగాలి కూడా కదా" అంది. ఎల్ల నుంచి వెల్లవాయ దిగేటప్పుడు సెకండు గేరు తియ్యకుండా దిగాను, బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కి పట్టవని ముందే చెప్పారు. అదే రోడ్డులో 2025 సెప్టెంబరులో బస్సు లోయలో పడి పదిహేను మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

రైలు సంగతి కుర్రాళ్లు చెప్పింది: కండీ నుంచి ఎల్లకి ఆరేడు గంటలు, తేయాకు తోటల మధ్య, తలుపు దగ్గర నిలబడి. రిజర్వేషన్ నెల ముందు తెరిస్తే చూస్తుండగానే అయిపోతుంది, దొరక్క థర్డ్ క్లాసులో మూడు గంటలు ఒంటికాలి మీద నిలబడ్డారు, అయినా మళ్లీ వెళ్తామంటున్నారు. మేం ఎల్లలో ఆటో పెట్టేసి హపుతలే దాకా రైల్లో వెళ్లొచ్చాం, ఆ గంట ప్రయాణంలో నాకు నా పొదుపు మీద బాగా కోపమొచ్చింది. అయితే ఒక మాట, 2025 నవంబరు చివర్లో దిత్వా తుపానుకి కొండచరియలు విరిగిపడి ఆ రైలు మార్గం చాలాచోట్ల దెబ్బతింది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడుస్తోందో కనుక్కుని బుక్ చేసుకోండి.

వ్యాను గురించి తక్కువే రాశాను, ఎందుకంటే చెప్పడానికి తక్కువే ఉంది. మే నెలాఖరు వానలో మామయ్యగారు ఏసీలో నిద్రపోతూ గాల్ చేరారు. అదే వాన మా ఆటోలో అయితే సైడు పరదాలు దించినా మోకాళ్ల దాకా తడిసేవాళ్లం. ఆయన మోకాళ్లకి ఆటో కుదుపులు సరిపడవు కూడా.

ఈసారి వెళ్తే నెగొంబో నుంచి కండీ దాకా ఆటో, కండీ నుంచి ఎల్ల రైలు, ఆటోని వాళ్ల మనిషి తెస్తే వెల్లవాయలో దింపించుకుని అక్కణ్ణుంచి తీరం వెంట మిరిస్స దాకా నేను, అక్కడే అప్పజెప్పేసి కొలంబోకి బస్సు. బండి తీసుకునేటప్పుడు స్టెప్నీలో గాలుందా, జాకీ ఉందా అని చూశాను గానీ ఇంకోటి మర్చిపోయాను, మీరు మర్చిపోకండి. సీటు ఎత్తి చూడండి, స్పేరు క్లచ్ వైరు కనిపించకపోతే అది ఇచ్చేదాకా డిపాజిట్టు కట్టొద్దు.